పండు టమాటాలతో ఎండాకాలం సలాడ్, కొనే దగ్గర నుంచి గిన్నె అడుగు దాకా

మే నెలలో హైదరాబాద్‌లో మిట్టమధ్యాహ్నం కిచెన్‌లో నిలబడి తాలింపు పెట్టడం కన్నా పెద్ద శిక్ష లేదు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరుగుతనే ఉంటది, లోపలి వేడి బయటికి పోదు, కిటికీ తీస్తే బయటి వేడి లోపలికొస్తది. అందుకే మా ఇంట్లో ఏప్రిల్ సగం నుంచి తొలి వానలు పడే దాకా వారంలో మూడు రోజులైనా ఈ టమాటా సలాడ్ ఉంటది, పక్కన పెరుగన్నమో, పొద్దున చేసిన పప్పో. పొయ్యి వెలిగించేది పల్లీలు వేయించుకోడానికి ఐదు నిమిషాలు, అది కూడా పొద్దున్నే చేసి డబ్బాలో పెట్టుకుంటే ఆ ఐదు నిమిషాలూ మిగుల్తయి.

సలాడ్ అనంగానే మనోళ్ళకి గుర్తొచ్చేది బిర్యానీ పక్కన పడేసే నాలుగు ఉల్లిగడ్డ చక్రాలు, ఒక నిమ్మచెక్క, లేకపోతే ఫంక్షన్ హాల్లో పువ్వులెక్క పేర్చిపెట్టిన కీరా క్యారెట్ ముక్కలు, వాటిని ఫొటోగ్రాఫర్ తప్ప ఎవ్వరూ పట్టించుకోరు. ఇది అది కాదు. కచుంబర్‌కి దగ్గరి చుట్టం అనుకోండి, కాకపోతే కచుంబర్‌లో అన్నీ సన్నగా తరిగి ఒకేసారి కలిపేస్తం, ఇందులో టమాటాని పెద్ద ముక్కలుగా కోసి, ముందు దానికొక్కదానికే ఉప్పేసి, పావుగంట వదిలేస్తం. ఆ పావుగంటలో టమాటా వదిలే నీళ్ళే దీనికి అసలు డ్రెస్సింగ్. చాలామంది ఆ నీళ్ళు వంపేస్తరు, నేనూ చాలా ఏళ్ళు సింక్‌లో పోసిన, ఇప్పుడు తలుచుకుంటే బాధేస్తది.

ముందు టమాటా సంగతి

సగం పని బజార్లోనే అయిపోతది కాబట్టి దీని గురించి కొంచెం ఎక్కువ చెప్తా, ఓపిక పట్టండి.

మన దగ్గర మామూలుగా దొరికేవి రెండు రకాలు. ఒకటి కోడిగుడ్డు ఆకారంలో నున్నగా, గట్టిగా, మందం తొక్కతో ఉండే హైబ్రిడ్. బండి మీద నుంచి కిందపడ్డా చితకదు, మదనపల్లె నుంచో కోలార్ నుంచో రాత్రంతా లారీలో వచ్చినా చెక్కుచెదరదు, అందుకే వ్యాపారులకి ఇష్టం. కూరకి, చట్నీకి బాగుంటది. పచ్చిగా తింటే మాత్రం పెద్దగా ఏమీ ఉండదు. రెండోది నాటు టమాటా, గుండ్రంగా, కొంచెం చదునుగా, తొడిమ చుట్టూ గాడులు పడి, తొక్క పల్చగా ఉంటది, కొయ్యంగానే రసం కారిపోతది, పులుపు ఎక్కువ, వాసన ఇంకా ఎక్కువ. ఈ సలాడ్‌కి నాటువే తీసుకోండి. పులుపు మరీ ఎక్కువైతదని భయమైతే మూడొంతులు నాటువి, ఒక వంతు బాగా పండిన హైబ్రిడ్ కలపండి, నేనైతే అట్లనే చేస్తా, ముక్కలు కొన్ని గట్టిగా తగుల్తయి, బాగుంటది.

ఎక్కడ కొనాలంటే నా ఓటు రైతుబజార్‌కే. ఎర్రగడ్డదైనా మెహిదీపట్నందైనా, మీ ఇంటికి ఏది దగ్గరైతే అది. రైతుబజార్లు 1999లో మొదలైనయి, మధ్యలో దళారీ లేకుండా రైతే నేరుగా అమ్ముకోవాలని పెట్టినవి. సలాడ్ చేసుకునేటోళ్ళకి దాంతో లాభం ఏందంటే చేవెళ్ళ, శంకర్‌పల్లి లాంటి దగ్గరి ఊళ్ళ సరుకు పొద్దున్నే దిగుతది, దూరం పోనక్కర్లేదు కాబట్టి చెట్టు మీదనే కొంచెం పండినవి దొరికే ఛాన్స్ ఎక్కువ. సికింద్రాబాద్ వైపు వాళ్ళకి మోండా మార్కెట్ ఉండనే ఉంది. పొద్దున ఎనిమిది లోపు పోవాలి, పదింటికి పోతే ఎండకి కాయలు ఉడికిపోయి ఉంటయి, నిజంగానే చేత్తో పట్టుకుంటే వేడిగా తగుల్తయి.

నేను కొనే దగ్గర ఒకాయన ఉన్నడు, పోంగానే ఒకటే ప్రశ్న అడుగుతడు, "కూరకా, పచ్చిగ తింటారా మేడం?" అని. పచ్చిగనే అన్నా అంటే కింద వేరే గంపలో నుంచి తీసిస్తడు, "గివి ఇయ్యాల్నే తినెయ్యాలె, రేపటికి ఉండయ్" అని ముందే చెప్తడు. రేపటికి ఉండయ్ అన్న టమాటానే మనకి కావాల్సిన టమాటా. మీరు కూడా కూరగాయలాయనకి ఏం చేస్తున్నరో చెప్పి అడగండి, గుట్టలో నుంచి మీరు ఏరుకునే దానికన్నా మంచివే వస్తయి.

ఏరుకోవాల్సి వస్తే రంగు చూసి మోసపోకండి, ఎండాకాలంలో మరీను. టమాటాకి ఎరుపు ఇచ్చేది లైకోపీన్, వేడి 30 డిగ్రీలు దాటిపోతే అది సరిగ్గా తయారుకాదు, పసుపు నారింజ రంగులిచ్చే కెరోటిన్ మాత్రం తయారైతనే ఉంటది. అందుకే ఏప్రిల్ మే కాయలు పూర్తిగా పండినా నారింజ రంగులోనే ఆగిపోతయి, పైన భుజాల దగ్గర పసుపుగా ఉంటయి, మనం పచ్చివనుకొని పక్కన పెట్టేస్తం. రంగు బదులు ముక్కుని నమ్మండి. తొడిమ దగ్గర పెట్టుకొని వాసన చూస్తే టమాటా చెట్టు ఆకు నలిపినట్టు ఘాటుగా, కొంచెం తియ్యగా వాసన రావాలి. ఏ వాసనా లేకపోతే రుచి కూడా లేనట్టే. తర్వాత చేతిలో బరువు చూడండి, ఒకే సైజు రెండు కాయలుంటే బరువున్నది తీసుకోండి. గట్టిగా నొక్కి చూడొద్దు, ఆయన తిడతడు, తిట్టకపోయినా మనం నొక్కింది ఇంకొకరు కొనాలి కదా.

ఇంటికి తెచ్చాక

ఫ్రిజ్‌లో పెట్టకండి. సుమారు 12 డిగ్రీల కన్నా చల్లగా ఉంటే టమాటాలో వాసననిచ్చే పదార్థాలు తయారవడం తగ్గిపోతది, కండ కూడా పిండి పిండిగా అయితది. మన ఫ్రిజ్ 4, 5 డిగ్రీల్లో ఉంటది. కానీ ఇది హైదరాబాద్ ఎండాకాలం, గది వేడే 36 ఉంటది, పండు కాయని బయట రెండు రోజులుంచితే ఈగలు తినిపోతయి, ఆ సంగతి నాకూ తెలుసు. నేను చేసేదేందంటే, ఆ రోజుకి సరిపోయేవి బయట, వెడల్పు పళ్ళెంలో ఒకదాని మీద ఒకటి పడకుండా తొడిమ వైపు కిందికి పెట్టి ఉంచుతా. తొడిమ ఊడిన మచ్చ దగ్గర నుంచే లోపలి తడి ఎక్కువ పోతది కాబట్టి ఆ వైపు కిందికి. మిగిలినవి మరీ పండిపోతే తప్పక ఫ్రిజ్‌లోకే పోతయి, తినే ముందు గంటసేపు బయట పెడతా, కొంచెమైనా తేరుకుంటయి.

ఇంకా దోరగా ఉన్నవైతే పేపర్ కవర్‌లో ఒక అరటిపండుతో పాటు చుట్టి పెట్టండి. అరటిపండు వదిలే ఇథిలీన్ అనే గ్యాస్‌కి ఒకట్రెండు రోజుల్లో పండుతయి. ప్లాస్టిక్ కవర్ వద్దు, లోపల చెమట పట్టి బూజొస్తది.

ఏమేం కావాలి

నలుగురికి సరిపోయే లెక్క చెప్తా. అర కిలో టమాటాలు, ఒక చిన్న ఉల్లిగడ్డ, ఒక లేత కీరా, ఒక పచ్చిమిర్చి, అర చెక్క నిమ్మకాయ, గుప్పెడు పల్లీలు, కొంచెం కొత్తిమీర, పది పన్నెండు పుదీనా ఆకులు, అర చెంచా జీలకర్ర, నాలుగైదు మిరియాలు, చెంచాన్నర పల్లీనూనె, ఉప్పు. నూనెకి మాత్రం అన్నం తినే పెద్ద చెంచా, మిగతావాటికి టీ చెంచా. కీరా లేకపోయినా ఫర్వాలేదు. పుదీనా లేకపోతే లేకపాయె. టమాటా, ఉప్పు, నూనె, ఈ మూడు ఉంటే సలాడ్ ఉన్నట్టే.

ఉప్పు అర కిలోకి సన్న ఉప్పైతే ముప్పావు టీ చెంచా, అంటే నాలుగైదు గ్రాములు. దొడ్డుప్పు వాడితే అది చెంచాలో వదులుగా పడుతది, అదే కొలతకి బరువు తక్కువ ఉంటది, కొంచెం ఎక్కువెయ్యాలి. నాకు దొడ్డుప్పుని చిన్న రోట్లో ఒక్కసారి అట్లా నలిపి వేస్తే ఇష్టం.

కొయ్యడం

కాయలు కడిగి బట్టతో తుడవండి, తడి ఉంటే చాకు జారుతది, పైగా ఉట్టి నీళ్ళు రసంలో కలుస్తయి. నాటు టమాటాకి మొండి చాకు వాడితే కొయ్యడం కాదు, పిసకడం అయితది. పదునైన చాకు లేకపోతే బ్రెడ్ కోసే రంపపు పళ్ళ చాకు తీసుకోండి, తొక్కలోకి భలే దిగుతది. ఇంట్లో కత్తిపీట మీద అలవాటున్నోళ్ళకి ఈ బాధే లేదు.

తొడిమ దగ్గర తెల్లగా గట్టిగా ఉండే భాగం లోతుగా తీసెయ్యండి, అది నములుతుంటే చెక్క ముక్కలెక్క తగుల్తది. తర్వాత కాయ సైజుని బట్టి ఆరు లేకపోతే ఎనిమిది చీలికలు, మామిడిపండు కోసుకున్నట్టు నిలువుగా. సన్న ముక్కలు చేస్తే ఉప్పు పడంగానే గుజ్జైపోతది, అప్పుడది పచ్చడి. చాపింగ్ బోర్డ్ మీద కాకుండా అంచున్న పళ్ళెంలో పెట్టి కొయ్యండి, కారిన రసం అందులోనే ఉండాలి.

గింజలు తియ్యకండి. టీవీ వంటల్లో గింజలు గీకి పడేస్తుంటే చూసి నేను కూడా కొన్నాళ్ళు అట్లనే చేసిన. గింజల చుట్టూ ఉండే ఆ జెల్లీలోనే గ్లుటమేట్ కండ కన్నా ఎక్కువ ఉంటది, అంటే మనం అజినమోటో వేసి తెప్పించుకునే రుచే అక్కడ ఊరికే ఉంది, దాన్ని తీసి చెత్తబుట్టలో వేసి తర్వాత రుచి లేదని నిమ్మకాయ పిండుతం.

ఉప్పు, పావుగంట

ముక్కల్ని వెడల్పు గిన్నెలో వేసి ఉప్పు పైనుంచి చల్లి, చేత్తో రెండుసార్లు ఎగరేసినట్టు కలిపి పక్కన పెట్టండి. స్టీల్ గిన్నైనా గాజుదైనా సరే, అల్యూమినియం మాత్రం వద్దు, పులుపుకి అది పడదు.

మొదటి రెండు నిమిషాలు ఏం కాదు. ఐదో నిమిషానికి కోసిన అంచుల మీద చెమట పట్టినట్టు మెరుపొస్తది. పదో నిమిషానికి గిన్నె వంచితే అడుగున ఒక చెంచాడు నీళ్ళు ఒక పక్కకి జారుతయి, లేత గులాబీ రంగులో, అందులో రెండు మూడు గింజలు తేలుతుంటయి. పావుగంటకి ఆ నీళ్ళు నాలుగు చెంచాలైతయి, ముక్కల అంచులు కొంచెం మెత్తబడి రంగు కూడా ముదురుతది. టమాటాలో నూటికి తొంభై పైన నీళ్ళే, బయట ఉప్పు ఎక్కువున్నప్పుడు లోపలి నీళ్ళు బయటికి లాగేస్తది, మామిడికాయ ముక్కలకి ఉప్పు పట్టించినప్పుడు ఊట ఊరుతది చూడండి, అదే సంగతి. ఒక చెంచా తీసుకొని ఆ నీళ్ళు రుచి చూడండి, దాన్ని ఎందుకు పారబోయొద్దంటున్ననో మీకే తెలుస్తది.

ఇరవై నిమిషాలు దాటనివ్వకండి. గంట వదిలేస్తే ముక్కలో ఏం మిగలదు, తొక్క, కొంచెం దూది.

ఈలోపు మిగతా పనులు

ఉల్లిగడ్డని పొరలు కనపడేంత పల్చగా చీల్చి, కుండలోని చల్లనీళ్ళలో పది నిమిషాలు వెయ్యండి, ఫ్రిజ్ నీళ్ళైనా సరే. ఘాటు నీళ్ళలోకి దిగిపోతది. నీళ్ళు వార్చి గట్టిగా పిండి, చిటికెడు ఉప్పు, నాలుగు చుక్కల నిమ్మరసం వేసి వేళ్ళతో నలపండి, రెండు నిమిషాల్లో ఎర్ర ఉల్లిగడ్డ మంచి గులాబీ రంగుకి తిరుగుతది, పులుపు తగిల్తే దాని రంగు అట్లనే మారుతది. పిల్లలు ఈ రంగు చూసే తింటరు.

పల్లీలు సన్న మంట మీద పొట్టు మీద నల్ల చుక్కలు పడే దాకా వేయించి, చల్లారినంక పొట్టు ఊదేసి, రోట్లో ఒక్కో పల్లీ మూడు నాలుగు ముక్కలయ్యేలా కచ్చాపచ్చాగా దంచండి. మిక్సీలో వేస్తే ఒక సెకను ఎక్కువైనా పొడైతది. అదే కడాయి వేడి మీద జీలకర్ర వేస్తే స్టవ్ ఆపేసినా వేగిపోతది, మిరియాలతో కలిపి దాన్ని కూడా దంచుకోండి. కీరా చేదు ఉందేమో చివర కొరికి చూడండి, గింజ ముదిరితే మధ్య భాగం తీసెయ్యండి.

కలపడం

వరుస ముఖ్యం. టమాటా నీళ్ళు వదిలినంకనే నూనె. ముందే నూనె పోస్తే ముక్కకి పొర పట్టి ఉప్పు సరిగ్గా లోపలికి పోదు. నూనె అంటే గానుగ పల్లీనూనె, మూత తియ్యంగానే వేయించిన పల్లీల వాసన వచ్చేది. రిఫైన్డ్ నూనెకి ఏ వాసనా ఉండదు, అది వేసీ లాభం లేదు. ఆలివ్ ఆయిల్ ఉంటే వేసుకోండి, ఇటలీ వాళ్ళు అదే వేస్తరు, కానీ జీలకర్ర పల్లీలు వేసినప్పుడు నాకు మన నూనే నప్పుతది. నూనె అసలు వద్దు డైట్ అనేటోళ్ళకి ఒక మాట, లైకోపీన్ కొవ్వులో కరిగేది, కొంచెం నూనె ఉంటేనే ఒంటికి పడుతది.

నూనె, పచ్చిమిర్చి ముక్కలు, జీలకర్ర మిరియాల పొడి గిన్నెలో వేసి, అడుగున ఉన్న రసంతో బాగా కలిసేలా కింది నుంచి పైకి తిప్పండి, రసం కొంచెం చిక్కబడి మబ్బుగా అయితది. అప్పుడు కీరా, ఉల్లిగడ్డ, కొత్తిమీర. పుదీనాని చాకుతో కొయ్యకుండా చేత్తో తుంచి వెయ్యండి, చాకు తగిల్తే అంచులు నల్లబడతయి. నిమ్మరసం పొయ్యకముందు ఒక ముక్క తిని చూడండి. చప్పగా ఉంటే నిమ్మ పిండండి. నాటు టమాటా పులుపే ఎక్కువుంటే నిమ్మ మానేసి చిటికెడు చక్కెరో, గోరంత బెల్లం తురుమో వెయ్యండి, తియ్యగా కాదు, పులుపు సర్దుకుంటది. రెసిపీలో నిమ్మ ఉందని పిండేస్తే మాత్రం నేను పూచీ కాదు.

పల్లీలు చిట్టచివర, ప్లేట్లో వడ్డించినంక పైన.

ఆఫీసుకి తీసుకుపోయే వాళ్ళకి

ఒకసారి పొద్దున ఏడింటికే అన్నీ కలిపేసి స్టీల్ డబ్బాలో సర్ది ఆఫీసుకి పట్టుకపోయిన, ఒంటిగంటకి మూత తీస్తే పైన పల్లీలు నాని ఉబ్బినయి, కింద పులుసు, పక్క సీటామె "ఏంటిది, చారా?" అని అడిగింది. పైగా మెట్రోలో, బ్యాగులో, ఎండలో ఆరు గంటలు, అదృష్టం బాగుండి కడుపు చెడలేదు. కోసిన కూరగాయలు మన ఎండల్లో గంట మించి బయట ఉండొద్దు. డబ్బాకి అయితే కాయలు కొయ్యకుండానే తీసుకపోండి, పల్లీలు, మసాలా పొడి, ఉప్పు చిన్న డబ్బాల్లో, నూనె చిన్న సీసాలో. అక్కడ కోసుకొని ఉప్పు చల్లి ఒక మీటింగ్‌కి పోయి రండి, పావుగంట మీటింగ్ దొరికితే.

జొన్నరొట్టె మిగిలితే

ఇది మా అత్తమ్మకి నచ్చిన ఒకే ఒక్క మార్పు. మొదట్లో ఈ సలాడ్ చూసి "పచ్చిగనే పెడ్తున్నవ్, పొయ్యి కరాబైందా?" అన్న మనిషి. ఇటలీలో టస్కనీ వైపు ఎండిన బ్రెడ్‌ని టమాటా రసంలో నానబెట్టి పంజనెల్లా అని చేస్తరు, ఆ లెక్కనే రాత్రి మిగిలిన జొన్నరొట్టెని మనం వాడొచ్చు. రొట్టెని పెనం మీద సన్న మంటన అప్పడంలెక్క ఫెళఫెళలాడే దాకా కాల్చి, రూపాయి బిళ్ళంత ముక్కలు చేసి, తినే ఐదు నిమిషాల ముందు సలాడ్‌లో కలపండి. సగం ముక్కలు రసం పీల్చుకొని మెత్తబడతయి, సగం ఇంకా కరకరలాడుతుంటయి, ఆ మధ్య టైంలోనే తినాలి. దీనికి రసం ఎక్కువ కావాలి కాబట్టి టమాటా ముప్పావు కిలో తీసుకోండి. టమాటా ధర కాస్త దిగి ఉన్నప్పుడే ఇది చేసేది, 2023 జులైలో కిలో వంద దాటి పోయినప్పుడు రొట్టెని పప్పులోనే ముంచుకున్నం.

పచ్చిమామిడి ముక్కలు వేస్తే నిమ్మ అక్కర్లేదు. పెరుగు కలిపితే అది పెరుగు పచ్చడి, దానికి పోపు పెట్టుకోండి, వేరే కథ.

గిన్నె అడుగున మిగిలేది

అందరూ తిన్నంక గిన్నెలో ఒక అర గ్లాసు రసం మిగుల్తది, నూనె చుక్కలు, జీలకర్ర, రెండు పుదీనా ఆకులతో. పిల్లలు గిన్నె ఎత్తి తాగకపోతే దాన్ని వెంటనే మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి, రసానికి ఫ్రిజ్ ఫర్వాలేదు. రాత్రికి పచ్చిపులుసులో పోయండి. చింతపండు మామూలుగా వేసేదాంట్లో సగమే నానబెట్టండి, ఈ రసంలో పులుపు, ఉప్పు రెండూ ఉన్నయి కాబట్టి ఉప్పు ఆఖర్న చూసి వేసుకోండి, ఉల్లిగడ్డ మాత్రం కొత్తగా తరిగి నలిపి వెయ్యండి, పాతది ఏరి తీసెయ్యండి.